తాటిచెట్టులోని మేకు

నా చిన్నప్పుడు, హిందీ మాట్లాడే ప్రాంతంలోని బాగ్‌బేరాలో, రైల్వే యార్డు పక్కనున్న మా క్వార్టర్ వెనక ఒక తాటిచెట్టు ఉండేది. అందులో మా అమ్మ ఉందని వాడంతా నమ్మేది.

అమ్మ జ్వరంతో పోయింది. ఆ నెలలోనే మరో రెండిళ్లలో పిల్లలకు జ్వరాలు వచ్చాయి. అమ్మే దెయ్యమై పీడిస్తోందని పెద్దలు ఎవరినో మంత్రగాణ్ణి పిలిపించారు. అతను అమ్మను చెట్టులోకి పంపానని చెప్పి, బయటికి రాకుండా మనిషి ఛాతీ ఎత్తున ఒక ఇనుప మేకు దిగ్గొట్టి, దక్షిణ పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి నాతో ఆడుకోవడానికి ఎవరూ రాలేదు. మూఢనమ్మకాల గురించి ఇప్పుడు సభల్లో మాట్లాడుతుంటాను; వాటివల్ల ఎవరికేం నష్టమని నన్ను అడిగేవాళ్లకు ఆనాటి ఆ పిల్లను చూపించాలనిపిస్తుంది.

కానీ నేనూ నమ్మాను. మధ్యాహ్నాలు చెట్టు కింద కూర్చుని, వండుకున్నదీ, తిన్నదీ అమ్మకు చెప్పేదాన్ని. పైన మట్టలు గలగలమనేవి. అది జవాబనుకునేదాన్ని.

ఒక వేసవిలో పిడుగు పడి చెట్టు తల మాడిపోయింది. గాలివానకు ఇళ్ల మీద పడుతుందని తెలిసినా, మేకున్న చెట్టు మీద గొడ్డలి వేయడానికి ఏ కూలీ ఒప్పుకోలేదు. చివరికి మా తాతయ్య వచ్చాడు. అమ్మకు తండ్రి. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఈ ఊళ్లో చెట్లు కొట్టి బతికినవాడు.

చుట్టూ ఇళ్లే కాబట్టి చెట్టును ఒక్కసారిగా పడగొట్టే వీల్లేదు. నడుముకు తాడు బిగించి పైకెక్కి, ముందు ఎండుమట్టలు నరికాడు. తర్వాత మానును పైనుంచి ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను తాడుతో మెల్లగా దించాడు. మట్టలు నేల మీద పడ్డాక గలగల ఆగిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

మాను మేకు దాకా వచ్చేసరికి వెనకింటి అత్త కిటికీలోంచి కేకేసింది.

“ఓ బాబూ, పాగల్ అయిపోనావేటి? ఆ మేకు ముట్టుకోకు! పిల్లలున్న ఇళ్లు!”

“నా కూతురు మీ ఇంటికొచ్చినా చాయ్ అడుగుతాదమ్మా, ఇంకేటీ అడగదు,” అన్నాడు తాతయ్య. కిటికీ టపీమని మూసుకుంది.

గొడ్డలి వెనకవైపుతో అటూ ఇటూ కొట్టి మేకును వదులు చేశాడు. తర్వాత, తన ఊరి యాసలో ఆడపిల్లను పిలిచే మాటతో, నన్ను పిలిచాడు.

“ఇలా రాయే గుంటా. నువ్వే లాగు.”

అమ్మ బయటికొస్తుందేమోనని భయమేసింది. రెండు చేతులా పట్టుకుని లాగాను. మేకు వచ్చింది. దాని వెనక ఏమీ రాలేదు. తుప్పు, కొంచెం పొట్టు. కన్నంలోకి వేలు పెట్టి చూశాను. లోపల మెత్తగా, తడిగా ఉంది. అంతే. అప్పటిదాకా నాకున్న భయం పోయింది. దానితోపాటు అమ్మ కూడా పోయింది. మొదటిసారి పోయినప్పుడు నాకు ఊహ లేదు, ఇప్పుడు నాకు తెలిసేలా పోయింది.

మిగిలిన మానును కూడా కొట్టేసి, తాతయ్య మొద్దు మీద కూర్చున్నాడు. కోసిన చోట అరచెయ్యి ఆనించాడు. యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“నేనూ చూసేనే, గుంటా,” అన్నాడు. “లేదు.”

అమ్మ లోపల ఉందేమోనన్న ఆశ ఆయనకూ ఉండేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆశ ఉండీ గొడ్డలి ఎత్తాడు.

పిల్లలు మర్నాడే పరుగెత్తుకు రాలేదు. వానలు మొదలయ్యాక ఒక పిల్ల వచ్చి మొద్దుకు ఆ చివర కూర్చుంది.

అబద్ధం తీసేస్తే ఆ చోట ఓదార్పు మొలుస్తుందని నేను ఏ సభలోనూ చెప్పలేదు. అక్కడ ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీతో బతకవచ్చునని మాత్రం చెప్పాను.

ఆ మేకు ఇప్పుడు మా ఇంటి గుమ్మం పక్క గోడకు ఉంది. ఒక్కదాన్నే కాబట్టి తాళం నేనే వేస్తాను, నేనే తీస్తాను. లోపలికి రాగానే తాళంచెవి దానికి తగిలిస్తాను. వెనక్కి తీసేముందు చెయ్యి ఆ మేకు మీద ఒక్క క్షణం ఆగుతుంది. అందులో ఎవరూ లేరని తెలిసే ఆగుతుంది.