ఓబులమ్మ వద్దన్న మాట

కుక్కరు మూత తీయగానే ఉలవల వాసన ఇల్లంతా పరుచుకుంటుంది. తడిసిన మట్టికీ వేయించిన గింజకూ మధ్యలో ఎక్కడో ఉండే వాసన. ఈ ఆదివారం కూడా వచ్చింది. వచ్చినప్పుడల్లా నా చూపు పెరటి గోడ మీదికి పోతుంది. ఇప్పుడున్న ఇంటికి ఆ గోడ లేదు. అప్పట్లో ఉన్న అద్దె ఇంటికీ పక్కింటికీ నడుమ మనిషి నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం పొద్దున దాని మీద ఒక సత్తుగిన్నె నిండా ఉలవకట్టు వచ్చి కూర్చునేది. పన్నెండేళ్ల కింద ఒక ఆదివారం గోడ ఖాళీగా ఉంది. ఆ పొద్దున మా పేపర్లో ఓబులమ్మ గురించి నేను రాసిన వ్యాసం వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆమె కొడుకు వచ్చి ఆమెను తీసుకెళ్లిపోయాడు.

అప్పుడు నేను అనంతపురంలో ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్ని. పెళ్లయి నాలుగేళ్లు దాటింది. నేను, సుజాత, మూడేళ్ల పాప హారిక బత్తలపల్లె రోడ్డు వైపు ఒక వరస ఇళ్లలో ఉండేవాళ్లం. గోడ అవతలి గది ఓబులమ్మది. అరవైకి దగ్గర పడిన మనిషి. ధర్మవరంలో నేతపని చేసే కుటుంబం. భర్త పోయాక కొడుకు శీన ఇంట్లో రెండో మగ్గం దించాడు. నేలలో తవ్విన రెండు మగ్గాల గుంతలు పోగా పక్క పరుచుకోవడానికి ఆమెకు చోటు మిగల్లేదు. ఎవరినీ ఒక మాట అనకుండా ఇక్కడికొచ్చి, వేరుశనగ విత్తనాల మిల్లులో గింజలు ఏరే పనికి కుదిరింది. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉండేది. చిన్నప్పుడు కొడవలికి పోయిందట. మిగిలిన వేళ్లతోనే, కళ్లతో చూడకుండా, పుచ్చు గింజ ఏదో చెప్పేసేది.

మా పరిచయం ఒక డబ్బాతో మొదలైంది. పాప ఆడుతూ ఆడుతూ కూలబడిపోతుంటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. రక్తం తొమ్మిది కూడా లేదన్నారు డాక్టరుగారు. టానిక్కు రాసి, మంచి తిండి పెట్టమన్నారు. మంచి తిండి అంటే మాకు తెలిసింది అంగట్లో పై అరలో ఉండేదే. పాలలో కలిపే పొడి డబ్బా, రంగు కాగితం చుట్టిన యాపిల్ పండ్లు, బిస్కెట్లు కొనుక్కొచ్చాం. నా జీతంలో ఆ నెల సరుకులకు పోయినంత అంతకు ముందెప్పుడూ పోలేదు. గోడ అవతల నిలబడి ఓబులమ్మ సంచీ వైపు చూసింది.

"ఏం మే, బిడ్డకేమన్నాడు డాక్టరు?"

సుజాత చెప్పింది. ఓబులమ్మ డబ్బా అందుకుని చెవి దగ్గర పెట్టి ఊపింది.

"పావు భాగం గాలే ఉండాది కదమ్మా దీంట్లో. గాలికి గూడా దుడ్లిచ్చి వస్తిరా?"

నాకు రోషం వచ్చింది. "దాని మీద చూడు పెద్దమ్మా, ఎన్ని రకాల విటమిన్లున్నాయో రాసుంది" అన్నాను.

"రాసిండేది బిడ్డ తింటాదా? మీ పేపర్లో గూడా రోజూ శానా రాస్తారు. తింటే నెత్తురొస్తాదా అప్పా?"

సుజాత నవ్వు ఆపుకోలేకపోయింది. ఓబులమ్మ మాత్రం నవ్వలేదు. "మందు మానొద్దండి. డాక్టరు చెప్పింది చెప్పినట్ల తాపండి. తిండి సంగతి నాకిడ్సండి" అంది.

ఆ తర్వాత మా వంటింట్లో జరిగిన మార్పును నేను పనికట్టుకుని గమనించలేదు. డెస్కులో కూర్చున్నవాడికి జిల్లాలో ఏ మూల ఏం జరిగిందో తెలుస్తుంది, తన ఇంట్లో పొయ్యి మీద ఏముందో తెలియదు. మొదట డబ్బా పోయింది. దాని చోట రాగులొచ్చాయి. రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకలెత్తించి, నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించడం ఓబులమ్మ సుజాతకు నేర్పింది. ఉలవలు ఉడికించి ఆ నీళ్లతో కట్టు కాచేది. ఉడికిన ఉలవలు తాలింపు పెట్టి గుగ్గిళ్లు చేసేది. ఒకే పొయ్యి మంట, రెండు తిండ్లు. టమోటాల ధర పడిపోయి రైతులు రోడ్డు పక్కన పారబోసే రోజుల్లో ఒక గంప కొని, ముక్కలు కోసి ఉప్పు చల్లి మిద్దె మీద ఎండబెట్టించింది. ధర మండిపోయిన రోజుల్లో మేం ఆ ఒరుగులు నానేసి పప్పులో వేసుకున్నాం. వీధి చివర మునగచెట్టు ఉంది. కాయలన్నీ ఇంటివాళ్లవే, ఆకు మాత్రం మాకొచ్చేది. "కాయడిగితే మొగం చూస్తారు. ఆకడిగితే ఎవురూ కాదనరు" అనేది. ఆ ఆకు ఎండబెట్టి, వేయించిన వేరుశనగ గింజలు, రెండు ఎండుమిరపకాయలు వేసి దంచిన పొడి పాపకు నెయ్యితో కలిపి పెట్టేవాళ్లం. అన్నిటికంటే ముందు ఆమె నేర్పింది ఒక అలవాటు: అంగడికి పోయేముందు ఇంట్లో ప్రతి డబ్బాలో చెయ్యి పెట్టి చూడాలి. "కంటికి అబద్ధం చెప్తాది డబ్బా. చేతికి చెప్పలేదు" అనేది. ఆమె మాట విని అలా చూస్తే, మూడు చోట్ల మూడు కందిపప్పు పొట్లాలు దొరికాయి ఆ నెల.

ఆరు నెలలకు పాప రక్తం పదకొండు దాటింది. సరుకుల ఖర్చు సగానికి దగ్గరగా తగ్గింది. రక్తపరీక్ష చీటీ చూపిస్తే ఓబులమ్మ దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసింది. ఆమెకు చదువు రాదు. "ఇంత చిన్న కాగితానికేనా ఇంత సంబరం" అని పాప బుగ్గలు గిల్లింది.

మాకు ఆమె ఇచ్చే వేరుశనగ కాయలు ఎక్కడివని చాలా రోజులు అడగలేదు. మిల్లులో ఇస్తారనుకున్నాను. ఒక సెలవు రోజు పొద్దున ఆమె సంచీ, చిన్న కొడవలి తీసుకుని బస్సుకు బయల్దేరుతుంటే నేనూ వస్తానన్నాను. వద్దని చెప్పి చూసింది, తర్వాత "సరే, ఎండకు తాళుతావా చూద్దాం" అంది. బత్తలపల్లె దాటాక దిగి, రోడ్డు నుంచి లోపలికి నడిచాం. వేరుశనగ చెట్లు పీకేసిన చేను. వాన చాలని ఏడాది నేల గట్టిపడి, చెట్టు పీకినప్పుడు కాయలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. అలా మిగిలినవి ఏరుకోవడమే పరిగె. ఆ ఏడు రైతుకు ఎంత నష్టమో పరిగెకు అంత పంట. ఓబులమ్మ గొంతుక్కూర్చుని కొడవలి మొనతో మట్టి గీరుతూ ముందుకు జరిగేది. సగం వేలు మట్టిలో పెట్టగానే కాయ ఎక్కడుందో దానికి తెలిసేది. నాకు గంటకు దోసెడు కూడా రాలేదు.

చేను రైతు గట్టు మీదికి వచ్చి నవ్వాడు. "ఏం ఓబులమ్మా, ఈ తూరి ప్యాంటేసుకున్నోన్ని పిల్చకొచ్చినావే?"

"కూలోళ్లు దొరకలేదప్పా. సదువుకున్నోడు దొరికినాడు, ఉత్తపుణ్యానికే వచ్చినాడు."

"పని ఎట్ల చేస్తాండాడు?"

"సూస్తాండావు కదా. సదువుకున్నట్లే చేస్తాండాడు."

తిరిగి వచ్చేటప్పుడు చేని గట్ల వెంట గురుగాకు, చెంచలాకు కోసింది. రోడ్డు దగ్గర సంచీ దించి, కాయలన్నీ అడుగున సర్ది పైన ఆకు కప్పింది. బస్సులో పక్క సీటామె "ఏమమ్మా సంచిలో" అని అడిగితే "ఆకు" అంది. కాసేపటికి నా వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పింది.

"అప్పా, నువ్వు రాసేటోనివి. రాగులు రాసుకో, ఉలవలు రాసుకో. ఈ పరిగె మాట మాత్రం వద్దు. మా శీనకు పట్టు ఇచ్చే సావుకారి, మొగం చూసి ఇస్తాడు. తల్లి పరిగె ఏర్తాదంటే వాడు ఆ మొగం యాడ పెట్టుకుంటాడు?"

"రాయను పెద్దమ్మా" అన్నాను. అప్పుడు నిజంగా రాయకూడదనే అనుకున్నాను.

కొన్ని నెలలకు ఆదివారం కుటుంబం పేజీకి వ్యాసం కావాలన్నారు. తక్కువ ఖర్చులో పిల్లలకు మంచి తిండి ఎలా అని. నా దగ్గర ఉన్న విషయం అదొక్కటే. రాగులు, ఉలవలు, ఒరుగులు, మునగాకు అన్నీ రాసి ఇచ్చాను. పేజీ చూసే పెద్దాయన చదివి, "సమాచారం బాగుంది గానీ చప్పగా ఉందయ్యా. ఇందులో మనిషేదీ?" అని కాగితాలు వెనక్కి ఇచ్చాడు. నేను వెళ్లి కూర్చుని మనిషిని పెట్టాను. పేరు లక్ష్మమ్మ అని మార్చాను. ధర్మవరం నేత ఇల్లని, విత్తనాల మిల్లు పనని, సగం వేలని రాశాను. చేను రాశాను. సంచీలో పైన ఆకు, కింద కాయ అని రాశాను. రాసేటప్పుడు ఆమె మాట గుర్తుకు రాకపోలేదు. పేరు మార్చాను కదా అనుకున్నాను. పత్రికల్లో పనిచేసేవాళ్లకు ఇదొక మూఢనమ్మకం. పేరు తీసేస్తే మనిషి కనపడదనుకుంటాం. పెద్దాయన ఆ సంచీ వాక్యాన్నే శీర్షిక చేశాడు.

ఆ ఆదివారం వచ్చినన్ని ఫోన్లు నాకు ఎప్పుడూ రాలేదు. ఎవరో టీచరు పిల్లలకు చదివి వినిపిస్తానన్నాడు. ఫోన్లో మాట్లాడుతూనే రెండుసార్లు గోడ వైపు చూశాను. గిన్నె లేదు. తలుపు మూసి ఉంది. సుజాత పేపరు చదివి మడిచి పెట్టింది. "ఆమెను అడిగే రాసినావా?" అంది. నేను మోగుతున్న ఫోను ఎత్తాను. ఆమె మళ్లీ అడగలేదు.

మధ్యాహ్నం శీన వచ్చాడు. చేతిలో పేపరు. అతన్ని అంతకు ముందు రెండుసార్లే చూశాను. గొంతు పెంచలేదు.

"ఏమన్నా, మా యమ్మ తిండి లేక పరిగె ఏరుకుంటాదని జిల్లాకంతా చెప్తివే."

"పేరు మార్చాను శీనా."

"పేరు మారిస్తే? ధర్మవరమని రాస్తివి, మిల్లని రాస్తివి, సగం వేలని రాస్తివి. ఇంగ పేరెందుకన్నా? పొద్దున్నే సావుకారి అంగట్లోనే చదివినారు. మీ యమ్మకు ఒక ముద్ద పెట్టలేవా అని అడిగినాడు నన్ను, నలుగురి ముందర."

నేను గోడ దాటి వాళ్ల గుమ్మంలోకి వెళ్లాను. ఓబులమ్మ ట్రంకుపెట్టెలో చీరలు సర్దుతోంది. "పెద్దమ్మా" అన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. తల ఎత్తకుండానే చెప్పింది:

"బిడ్డకు మునగాకు పొడి అయిపోయింటాది. సుజాతకు చెప్పు, ఆకు నీడలో ఎండబెట్టమని. ఎండలో పెడితే సత్తువ పోతాది."

ఆటో కదిలేటప్పుడు పాప చెయ్యి ఊపింది. ఆమె కూడా ఊపింది, సగం వేలున్న చేత్తోనే.

ధర్మవరం ఎంతో దూరం కాదు. బస్సెక్కితే గంట. ఆ తర్వాత పదేళ్లలో పని మీద చాలాసార్లు వెళ్లాను. పట్టు ధర పెరిగిందని ఒకసారి, మగ్గాలు ఆగిపోయాయని ఒకసారి. వాళ్ల వీధి మొదట్లో టీ తాగి వెనక్కి వచ్చిన రోజు కూడా ఉంది. వెళితే ఏం మాట్లాడాలో తెలియదనుకునేవాణ్ని. మాట్లాడే పని లేదనీ, గుమ్మంలో కూర్చుంటే చాలనీ అప్పుడు తోచలేదు. రెండేళ్ల కింద ఎండాకాలంలో ఆమె పోయింది. నాకు తెలిసేసరికి పెద్దదినం కూడా అయిపోయింది.

పోయిన నెల శీన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. జుట్టు నెరిసింది. పట్టు పని పడిపోయి ఆ సావుకారి కూడా అంగడి మూసేశాడనీ, రెండు మగ్గాల్లో ఒకటి తీసేశాననీ చెప్పాడు. తల్లిని ధర్మవరం తీసుకుపోయాక గడప దాటనివ్వలేదట. పరిగె కాదు, ఆకుకు కూడా పోనివ్వలేదట. "మూడు పూటలా తెల్లన్నమే పెట్టినామన్నా, గొప్పగా. కూర్చోబెట్టినాం. షుగరొచ్చింది. రొంత కొర్రలుంటే చూడరా అని అడిగేది. ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారని తేలేదు." సుజాత తెచ్చిన ఉలవకట్టు గిన్నె చేతిలో పట్టుకుని, తాగకుండా దాంట్లోకి చూస్తూ కూర్చున్నాడు. నేనూ ఆ గిన్నెలోకి చూస్తూ లెక్క వేసుకున్నాను: మా పాపకు సత్తువ వచ్చిన తిండికి ఆమెను దూరం చేసింది నా వ్యాసమే.

"మళ్లీ రాయన్నా" అన్నాడు శీన. "ఈ తూరి పేరు పెట్టే రాయి. మా నాయన మంచాన పడినప్పుడు పరిగె ఏరి మమ్మల్ని సాకినాదని రాయి. ఆ పొద్దు సిగ్గుపడితి. ఇప్పుడు ఆ మాట చెప్పుకునేకి ఎవురూ లేరు."

"నా మాట ఎప్పుడైనా ఎత్తిందా?" అని అడిగాను.

అతను గిన్నె కింద పెట్టాడు. "లేదన్నా. పాప మాట ఎత్తేది. ఎంత ఎత్తయిందో అనేది."

హారిక ఇప్పుడు ఇంటరు చదువుతోంది. నా భుజం దాటింది. అంగడికి పోయేముందు డబ్బాల్లో చెయ్యి పెట్టి చూడటం తనకూ అలవాటే. అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో తనకు లీలగానే తెలుసు. ఇదంతా రాసి మొదటిసారి తనకే చదివి వినిపించాను. విని, "ఆ అవ్వ ఒప్పుకుందా నాన్నా?" అని అడిగింది.

శీన ఒప్పుకున్నాడని చెప్పాను. ఓబులమ్మ ఆ మాట వద్దన్నది నాతో, బత్తలపల్లె బస్సులో. ఆ తర్వాత నేను ఆమెను మళ్లీ అడగలేదు.