మూడుసార్లు ఎత్తకపోతే

మధ్యాహ్నం రెండింటికి గురుగ్రామ్ ఆఫీసులో హెడ్‌ఫోన్ తలకు తగిలించుకోగానే హైమవతి కాస్తా ఎమ్మా అయిపోతుంది. పదకొండేళ్లుగా ఇదే తంతు. ఇంగ్లండులో ఉన్నవాళ్లకు ఫోను చేసి, "ఎన్నికలొస్తున్నాయి కదా, మీ ఓటు ఎవరికి?" అని అడగడం ఆమె ఉద్యోగం. ఇండియా పేరు చెబితే అక్కడివాళ్లు ఠక్కున పెట్టేస్తారని కంపెనీ వాళ్లే అందరికీ ఇంగ్లీషు పేర్లు పెట్టారు. తిట్టేవాళ్లు తిడతారు, విసుక్కునేవాళ్లు విసుక్కుంటారు. ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు మాత్రం టీ కలుపుకుంటూ మరీ మాట్లాడతారు. జమ్మికుంట ఆడబిడ్డకు ఇంగ్లండు రాజకీయం ఏమిటని నవ్వుకోకండి. ఏ ఊళ్లో ఆసుపత్రి మూతపడిందో, ఏ వీధికి బస్సు ఆగిపోయిందో ఆమెకు తెలిసినంత ఆ దేశపు మంత్రులకు తెలుసా అంటే నాకు అనుమానమే.

ఆమె ముందున్న తెర మీద పెద్ద పార్టీల పేర్లు వరసగా ఉంటాయి. అన్నిటికంటే కింద 'ఇతరులు' అని ఒక గడి. అది నొక్కితే పక్కన ఖాళీ పెట్టె తెరుచుకుంటుంది, ఏ పార్టీయో అందులో టైపు చెయ్యాలి. ఆమె చేరిన కొత్తలో ఆ గడి నొక్కే అవసరం పూటకు ఒకటి రెండుసార్లు వచ్చేది. ఇప్పుడు వేలు నొప్పి పుడుతోంది. "ఇద్దరూ ఇద్దరే" అని ఒకడు, "మా తాతల నుంచీ వేసిన పార్టీకి ఈసారి బుద్ధి చెబుతా" అని ఇంకొకావిడ, అందరూ పేరు వినని చిన్న పార్టీలవైపే. చాలామంది ఉద్యోగులు ఆ పెట్టె ఖాళీగా వదిలేసి తర్వాతి ఫోనుకు వెళ్లిపోతారు. హైమవతి మాత్రం ప్రతిదీ టైపు చేస్తుంది. మనిషి నోరు తెరిచి చెప్పాక రాయకపోతే ఎట్లా అని ఆమె పట్టుదల.

ఇన్ని వేల మందిని అడిగిన హైమవతిని, "అమ్మా, నీ ఓటెవరికి?" అని అడిగిన నాథుడు మాత్రం లేడు.

ఆమె ఓటు జమ్మికుంటలో ఉంది. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఆ ఊరే, మధ్య రెండు వీధులు. ఆడపిల్లల బడిలో, తాను ఆరో తరగతి చదివిన గదిలోనే, పెళ్లయ్యాక రెండుసార్లు ఓటు వేసింది. తర్వాత భర్త మల్లేశానికి ఇక్కడ ఉద్యోగం వచ్చి, ఏడాది పిల్ల హాసినిని చంకనేసుకుని బయల్దేరారు. అది పదహారేళ్ల కిందటి మాట. అప్పటి నుంచి ఊళ్లో ఎన్నికలొచ్చినప్పుడల్లా ఇక్కడ ఏదో ఒకటి అడ్డు. పిల్ల పరీక్షలు, లేదా సెలవు దొరకకపోవడం. మల్లేశం తన ఓటు ఎప్పుడో గురుగ్రామ్‌కు మార్పించుకుని, ప్రతిసారీ సిరా వేలు చూపించి ఆమెను ఆటపట్టిస్తాడు.

"నువ్వేమో ఈడ, నీ ఓటేమో ఆడ. అదొక్కతే ఆ ఊళ్లె ఏం జేస్తదే హైమా?"

"ఉండనీయ్. నీకేమన్న బరువైతుందా?"

"గా ఫారం నింపితే పది నిమిషాల పని."

"నింపితే ఊళ్లె నా పేరు కొట్టేస్తరు గదా."

"కొట్టేస్తే ఏమైతది?"

"ఏం గాదు," అంది ఒకసారి హైమవతి, చపాతీ పిండి పిసుకుతూ. "ఆడ నాదనేది ఏమున్నదిగ? అమ్మ పాయె, నాయిన పాయె. ఇల్లు మీ అన్నది. గా కాయితంల పేరొక్కటే మిగిలింది. అది గూడ నా చేత్తోనే కొట్టేసుకోవాల్నా?"

మల్లేశం చపాతీ కర్ర అందుకున్నాడు. హాసిని మాత్రం సెల్లులోంచి తలెత్తకుండానే "ఛోడో నా, మమ్మీ" అని హిందీలో వదిలెయ్యమంది. ఆ పిల్లకు జమ్మికుంట అంటే వేసవి సెలవుల్లో దోమలు కుట్టే ఊరు, అంతే. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, హైమవతి ఓటు సరిగ్గా అట్లాగే తయారైంది.

ఇక డోరీన్ సంగతి. ఇంగ్లండు తూర్పు తీరంలో ఒక చిన్న ఊళ్లో ఒక్కతే ఉండే డెబ్బై తొమ్మిదేళ్ల ముసలావిడ. నెలకొకసారి అవే ప్రశ్నలు అవే మనుషులను అడిగి, మనసు మారిందో లేదో చూసే జాబితా ఒకటి కంపెనీలో ఉంది. డోరీన్ అందులో మనిషి. రెండేళ్లుగా ఆమె హైమవతి వంతుకే వస్తోంది. హైమవతిని 'లవ్' అని పిలుస్తుంది. మనవైపు పెద్దావిడలు 'బిడ్డా' అన్నట్టే.

యాభై రెండేళ్లు మొగుడి పార్టీకే గుద్దిన మనిషి ఆవిడ. మొగుడు పోయాడు. తర్వాత ఆ వీధికి వచ్చే బస్సు పోయింది. ఎవరికి ఫోను చేసినా పలకలేదట. రెండు వేల ఇరవై నాలుగు మే నెలలో అక్కడ స్థానిక ఎన్నికలు వస్తే, ఎవరూ ఎరగని చిన్న పార్టీ తరఫున నిలబడ్డ ఒకమ్మాయి తలుపు తట్టి, బస్సు గురించి అరగంట కూర్చుని విందట. డోరీన్ వెళ్లి ఆ అమ్మాయికి వేసి వచ్చింది.

ఎన్నికల తర్వాత అడగాల్సిన ప్రశ్నలతో హైమవతి ఫోను చేసింది. ప్రశ్నలు అయ్యాక ఉండబట్టలేక, కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగేసింది. "గెలిచిందా ఆ అమ్మాయి?"

"ఎక్కడ గెలుస్తుంది బిడ్డా? మూడో స్థానం. ఆరు వందల పన్నెండు ఓట్లు."

"మరి బాధగా లేదా?"

"ఎందుకు బాధ? ఓట్లు లెక్కపెట్టే బల్ల దగ్గర ఎవరో ఒకరు నా కాగితం చేతిలోకి తీసుకుని చూసి ఉంటారు కదా. ఇన్నేళ్లూ నేను ఎటు వేస్తానో అందరికీ ముందే తెలుసు, అందుకే ఎవరూ నా వంక చూడలేదు. ఇప్పుడు ఆ ఆరు వందల పన్నెండు మంది ఎవరా అని పెద్ద పార్టీల వాళ్లు బుర్ర గోక్కుంటున్నారు. అందులో నేనొకదాన్ని." కాస్త ఆగి అడిగింది. "అది సరే, నీ ఓటెవరికి ఎమ్మా?"

ఇట్లాంటప్పుడు చెప్పాల్సిన మాట ఒకటుంది, 'క్షమించండి, నా అభిప్రాయం చెప్పకూడదు' అని. హైమవతి అదే చెప్పబోయి, "పదహారేళ్లుగా వెయ్యలేదండీ. పదమూడో తేదీ మా ఊళ్లో పోలింగు ఉంది, చాలా దూరం," అనేసింది.

"అయితే ఇంకా ఫోనులో ఏం చేస్తున్నావు? వెళ్లు. వేసొచ్చి నాకు చెప్పు."

చెబితే నమ్మరు, హైమవతి నిజంగానే వెళ్లింది. నాలుగు రోజులు సెలవు పెట్టి, దొరికిన రైలెక్కి, కాజీపేటలో దిగి, బస్సు పట్టుకుని పోలింగు నాటి పొద్దునకు బడి ముందు వాలింది. పెట్టె అడుగున దాచిన చేనేత చీర కట్టుకుంది. బడికి కొత్త రంగు వేశారు గానీ మెట్లు అవే. వరసలో ముందున్న ఆడవాళ్లు మాట్లాడుకుంటున్న మాటలు చెవిన పడుతుంటే, అన్నం తినకుండానే కడుపు నిండినట్టయింది. చుట్టపుచూపుగా వచ్చిపోవడమే తప్ప, పదహారేళ్లుగా ఊరి మాటలు ఇంత దగ్గరగా, ఇంతమంది నోట వినలేదు.

చీటీలు రాసే బల్ల దగ్గర ఆమె పేరు చెప్పింది. వెతికారు. ఇంటి నెంబరు చెప్పింది. మళ్లీ వెతికారు. బావగారి పేరుంది, తోడికోడలు అరుంధతి పేరుంది. హైమవతి పేరు లేదు.

అరుంధతి వరసలోంచి బయటికి వచ్చింది.

"ఇంటింటికి తిరిగి పేర్లు జూసేటాయన మూడుసార్లు వచ్చిండు హైమా. మూడుసార్లు నువ్వేదని అడిగిండు. ఢిల్లీల ఉంటున్నరు, వస్తలేరు అని జెప్పిన. ఉన్న మాటనే జెప్పిన గద. నేనేం జేద్దు?"

"నువ్వేం జేస్తవక్కా," అంది హైమవతి. "నీ తప్పేం లేదు."

ఆ 'మూడుసార్లు' అన్న మాట మాత్రం ఆమెకు సూదిలా దిగింది. ఆఫీసులోనూ అదే నియమం. మూడుసార్లు ఫోను చేసి, మనిషి ఎత్తకపోతే 'ఇల్లు మారిపోయారు' అన్న గడి నొక్కాలి. మర్నాటికి ఆ పేరు జాబితాలో ఉండదు. పదకొండేళ్లలో ఎన్ని పేర్లు అట్లా తీసేసిందో ఆమెకే తెలియదు. ఒక్కరి గురించీ ఒక్క క్షణం ఆలోచించలేదు.

గోడ పక్కగా వెళ్లి, ఆరో తరగతి కిటికీ దగ్గర కాసేపు నిలబడింది. లోపల బీప్ మని యంత్రం మోగుతూనే ఉంది. మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుంటే అరుంధతి సిరా వేలిని కొంగు కింద దాచుకుంది. హైమవతి ఆ చేయి పట్టుకుని బయటికి తీసి, "దాస్తవెందుకక్కా, మంచిగున్నది" అంది. అప్పుడు ఇద్దరికీ ఏడుపొచ్చింది.

తిరిగొచ్చాక మల్లేశం ఒక్క మాట ఆటపట్టించలేదు. గురుగ్రామ్ చిరునామాతో ఓటు రాయించుకునే ఫారం తెచ్చి టీవీ పక్కన పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

వారం తిరిగేసరికి ఇంగ్లండులో పెద్ద ఎన్నికలు ప్రకటించారు. ఆఫీసంతా పెళ్లివారిల్లయింది. హైమవతి తన జాబితా తెరిచింది. డోరీన్ పేరు లేదు. టీం లీడర్ శ్రీహర్ష దగ్గరికి వెళ్లింది. విజయవాడ కుర్రాడు, మంచివాడే.

"మీరు లీవులో ఉన్నప్పుడు ఈ నెల ప్రశ్నల కోసం మూడుసార్లు చేశారండి. ఎత్తలేదు. సిస్టమ్ తీసేసింది."

"వెనక్కి తెప్పించు."

"ఒక్క నెంబర్ కోసం ఏంటండీ హైమగారూ, కొత్తవి రెండొందలున్నాయి..."

"ఆమె ఎటూ పోలేదు," అంది హైమవతి. గొంతు పెద్దదైంది, నాలుగు తలలు ఇటు తిరిగాయి. "మూడుసార్లు ఎత్తకపోతే మనిషి లేనట్టేనా? ఊళ్లె లేకపోతే ఊరిది కాకుండ పోతదా?"

శ్రీహర్ష ఆమె ముఖం చూసి, పేరు తిరిగి చేర్చాడు. "ఒక్కసారేనండి," అన్నాడు.

నాలుగోసారి డోరీన్ ఇంట్లో ఫోను మోగింది. మోగుతూనే ఉంది. పెట్టేయబోతుండగా అటువైపు ఆయాసపడుతూ గొంతు వినిపించింది.

"ఎమ్మానా? రెండు వారాలు మా చెల్లెలింట్లో ఉన్నాను బిడ్డా, ఇప్పుడే తాళం తీశాను. ముందు ఇది చెప్పు. నీ కాగితం చూశారా?"

"లేదండీ. జాబితాలో నా పేరు లేదు."

"ఏ పేరు? ఎమ్మానా?"

హైమవతి చుట్టూ చూసింది. ఫోన్లన్నీ రికార్డవుతాయి. అయితే అయింది.

"నా పేరు ఎమ్మా కాదు. హైమవతి."

"ఉండు," అంది డోరీన్. "కళ్లజోడు ఎక్కడో పెట్టాను. పెన్ను కూడా తెస్తాను."

తెర మీద గడియారం ఎరుపెక్కి, ఆలస్యమైందని అరుస్తోంది. హైమవతి కదలలేదు. డోరీన్ వచ్చింది. ఒక్కో అక్షరం నెమ్మదిగా చెప్పించుకుంది, రాసుకుంది, రెండుసార్లు తప్పు పలికి మూడోసారి సరిగ్గా పలికింది.

"రాసుకున్నాను. ఫోను పక్కనే ఉండే పుస్తకంలో, మా చెల్లెలి పేరు కింద. నేనున్నంత కాలం దీన్ని ఎవరూ కొట్టెయ్యరు. ఇప్పుడు చెప్పు హైమవతీ. పేరుండి ఉంటే, ఎవరికి వేసేదానివి?"

హైమవతి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఎవరైనా అడిగితే చెబుదామని పదహారేళ్లుగా దాచుకున్న జవాబు ఆమె దగ్గర ఉంది. చెప్పింది. ఎవరికో మనకెందుకు, ఓటు రహస్యం. ఎందుకో కూడా చెప్పింది. డోరీన్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా చివరిదాకా వింది.