వరుసలో ఊదని మనిషి

చింతపండు గుజ్జుతో ట్రంపెట్ తోముతున్నాను. రేపు నంద్యాలలో మా బ్యాండుమేళాల సంఘం కళాకారుల కార్డుల పరీక్ష. పెట్టేది నేనే. వచ్చేవాళ్లలో ముందుపళ్లు ఊడిపోయిన చాగలమర్రి ఓబులేసు ఉన్నాడు.

ఈ సంఘాన్ని పెట్టింది నాకు ట్రంపెట్ నేర్పిన ఆళ్లగడ్డ మస్తానన్న. ఒక పెళ్లికి రెండు మేళాలు వచ్చి నడివీధిలో కొట్టుకున్నాక, అందరినీ తన ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాడు. ఒకరు ఒప్పుకున్న ఇంటికి ఇంకొకరు పోకూడదన్నాడు. మరో కట్టుబాటూ పెట్టాడు. ఊపిరి చాలనివాడు కూడా యూనిఫాం వేసుకుని, వాయిద్యం పెదవులకు ఆనించి వరుసలో నడవాలి. అతని పాట పక్కవాడు ఊదాలి.

ఆ కట్టుబాటు మొదట ఆదుకున్నది నన్నే. ఉయ్యాలవాడలో నా తొలి ఊరేగింపు. పెదవి చిట్లి రక్తం వచ్చింది. ట్రంపెట్ దించబోతే మస్తానన్న మోచేత్తో పొడిచాడు.

“ఏందీ, దించుతాండావ్? నోటికి పెట్టుకోని నడువప్పా. బుగ్గలు ఉబ్బించు, చాలు.”

“ఎవరన్నా కనిపెడితే, అన్నా?”

“పెండ్లికొడుకునే ఎవురూ చూడ్డంల్యా, నిన్ను చూస్తారా?”

దారి పొడుగునా ఇద్దరి పాటా అతనే ఊదాడు.

డీజే పెట్టెలొచ్చాక మేళాలను పిలిచేవాళ్లు తగ్గారు. సంఘం పనీ మారింది. ఊరేగింపులకు అనుమతులు తేవడం, కళాకారుల కార్డులివ్వడం ముఖ్యమైపోయాయి. వాయించడం రానివాళ్లు కూడా పింఛను వస్తుందని కార్డులకు ఎగబడుతుంటే, కమిటీ ముందు ఒంటరిగా ఊదినవాడికే కార్డు అనీ, కార్డు లేనివాడు వరుసలో నిలబడకూడదనీ కార్యదర్శిగా నేనే రాశాను. మొదటి పరీక్షకే మస్తానన్న వచ్చాడు. అప్పటికి అతనికి ముందుపళ్లు లేవు. ఊదితే గాలి మాత్రమే వచ్చింది. నా ట్రంపెట్ నా ఒళ్లోనే ఉంది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు. నేను నియమాలు రాసిన కాగితం వైపు చూశాను.

“బుగ్గలు బాగనే ఉబ్బించినా కదప్పా,” అని నవ్వి లేచాడు.

ఆ తర్వాత అతను ఏ మేళంలోనూ నడవలేదు. అతను చనిపోయేదాకా ఒక్కసారైనా ఆళ్లగడ్డ బస్సెక్కి క్షమించమని అడగలేదు నేను. నియమం నియమమేనని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నలుగురిలో మెత్తబడ్డానంటారని భయపడ్డాను.

ఆ భయం ఇప్పటికీ పోలేదు. నియమం కొట్టేయమంటే కమిటీ ఒప్పుకుంటుందో, నన్నే దించేస్తుందో తెలియదు. కానీ రేపు ఓబులేసు పేరు పిలిచాక పరీక్ష పెట్టే కుర్చీలో కూర్చోలేను. లేచి అతని పక్కన నిలబడాలి. ఇద్దరి పాటా ఊదే ఊపిరి నాలో ఉందో లేదో అక్కడే తేలుతుంది.