మెడ మీది గీత, గోడ మీది పురుగు

మా ఇంట్లో పురుగులు రెండే రకాలు. బియ్యంలో ఉండేది ముక్కపురుగు, మిగిలినవన్నీ ఉత్త పురుగులు. వాటికి ఒకటే మందు, చెప్పు. వరికోతలప్పుడు నా బిడ్డ మెడ మీద ఎర్రగీత లేచేదాకా నేను కూడా అంతకు మించి ఆలోచించలేదు.

మాది నర్సంపేట రోడ్డు వైపు కాలనీ. వెనకంతా పొలాలే. కోతలు మొదలైతే సాయంత్రం లైటు వేయగానే గోడ నిండా పురుగులే. గీత చెవి కింద మొదలైంది. మర్నాటికి బొబ్బలు పొంగి, గొంతు దగ్గర ఇంకో గీత తేలింది. మా అత్తమ్మ చూసి సర్పి అంది. అది పాములా మెడ చుట్టూ తిరుగుతుందట, తలా తోకా కలిస్తే మనిషి దక్కదట. ఆమె చెల్లెలు చిన్నప్పుడు అట్లాగే పోయింది. మెడ మీద గీత, ఒళ్లు కాలిపోయే జ్వరం. సర్పి ఆగాలని అప్పుడు వాళ్లింట్లోవాళ్లు గీత మీద ఎర్రమట్టి జాజు పూసి కూర్చున్నారు.

డాక్టరు మాత్రం సర్పి కాదన్నాడు. లైటుకు వచ్చిన పురుగును పిల్ల మెడ మీద నలిపి ఉంటుందని, దాని రసానికే చర్మం కాలిందని చెప్పి ఆయింట్‌మెంట్ రాశాడు. నేను అది పూస్తే అత్తమ్మ తుడిచేసి జాజు పూసేది. నాకు ఒళ్లు మండిపోయేది. ఎంత గొడవపడ్డా వినలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని, గీత కొసలు కలిశాయేమోనని మాటిమాటికీ చూసేది. ఆ చూపు చూసి చూసి నాకూ భయం పట్టుకుంది. చదువుకున్నదాన్నే, అయినా ఆమె పక్కకు పోగానే నేనూ చూశాను.

చివరికి ఆ పురుగేదో పట్టుకుందామని సాయంత్రం స్టూలు వేసుకుని ట్యూబులైటు కింద వెతికాను. దొరికింది. గండుచీమంత ఉంది. తల నలుపు, మెడ నారింజ, నడుమ నీలంగా మెరిసే చిన్న పెంకు, తోక కొస మళ్లీ నలుపు. నడుస్తూ తోక పైకెత్తుతోంది. డాక్టరు ఫోన్‌లో చూపించిన బొమ్మ అచ్చం ఇదే. గ్లాసు బోర్లించి అత్తమ్మను పిలిచాను.

ఇంత చిన్న పురుగా అన్నట్టు చూసింది. గ్లాసు ఎత్తి, నేను ఆపేలోపే దాన్ని తీసి తన ముంజేతి మీద నలిపేసింది.

"నాకు గూడ లేస్తే నీ మాట నిజం, బిడ్డా."

రెండు రోజులకు లేచింది. అదే గీత, అవే బొబ్బలు. గెలిచానని లోలోపల సంబరపడ్డాను. ఆ పూట ఆమె జాజు ముట్టలేదు. ఆయింట్‌మెంట్ తానే తెచ్చి పిల్ల మెడకు పూసింది. తన చేతికి మాత్రం పూయనివ్వలేదు. వసారాలో కూర్చుని ఆ గీతనే చూసుకుంటూ, ఈ పురుగుతో మనిషి చచ్చిపోతాడా అని అడిగింది. చచ్చిపోడని చెప్పాను.

ఆమె ఆ గీతను కొంగుతో కప్పుకుంది.

"అందరం గీతనే చూసుకుంట కూసున్నం. జరానికి దవాఖానకు తీస్కపోతే మా చెల్లె బతుకుతుండె గద, బిడ్డా."