ముడుపు తీసుకోని సామి

రాప్తాడు దాటి కొంచెం లోపలికి పోతే గుట్ట వాలులో ఒక బౌద్ధ ధ్యాన కేంద్రం ఉంది. నేను మొదటిసారి అక్కడికి పోయింది ధ్యానం కోసం కాదు, హుండీ లేని గుడి ఎలా నడుస్తుందో చూద్దామని. అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పుకునేదానివి, నీకెందుకీ ఆరా అని ఇంట్లో అడిగారు. నాకు చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళికి పోతే పెళ్ళికూతురి కంటే ముందు వంటశాల చూసి వస్తాను.

హుండీ నిజంగానే లేదు. శిబిరంలో కూర్చున్నవాళ్ళను తిండికీ పడకకూ ఎవరూ ఏమీ అడగరు. చివరి రోజున, మేలు జరిగిందనుకున్నవాళ్ళు తర్వాత వచ్చేవాళ్ళ కోసం తోచినంత ఇచ్చి పోతారు. రసీదు ఇస్తారు గాని గోత్రం అడగరు, మైకులో పేరు చదవరు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బియ్యమో వంకాయలో తెస్తే తీసుకుంటారు. అయితే తీసుకునే ముందు పెద్ద భిక్షువు ఒక ప్రశ్న వేస్తారు: "దేనికోసం ఇస్తున్నారు?"

ఈ ప్రశ్న నన్ను పట్టేసింది. ఇచ్చేవాణ్ణి ఎందుకిస్తున్నావని అడిగే చోటు నేనెక్కడా చూడలేదు. ఆదివారాలు వచ్చి గేటు దగ్గర కూర్చుంటాను, వచ్చినవాళ్ళను పలకరిస్తాను అని నేనే అడిగి మరీ ఆ పనిలో చేరాను. చేరిన కొత్తలోనే ఒక పెద్దాయన కారులో ఫ్యాన్లు తెచ్చాడు. ప్రతి రెక్క మీదా తన పేరూ, తండ్రి పేరూ ఎర్ర రంగుతో రాయించాడు. పేర్లు చెరిపేస్తే తీసుకుంటామన్నారు. ఆయన కాసేపు ఆలోచించి ఫ్యాన్లు మళ్ళీ కారెక్కించుకుని పోయాడు. ఆ ఎండాకాలమంతా మేము విసనకర్రలతోనే సరిపెట్టుకున్నాం. నాకైతే ఒళ్ళు మండింది. పేరు తిరుగుతుంటే గాలి రాదా ఏమిటి?

పెద్ద భిక్షువు నాగపూర్ వైపు మనిషి. కేంద్రంలో అందరూ ఆయన్ను భంతే అంటారు. తెలుగు దినపత్రికలు చదివి నేర్చుకోవడం వల్ల ఆయన మాట కూడా పత్రికలాగే ఉండేది. సాంబారు అడుగంటితే "వంటశాలలో ఉద్రిక్తత నెలకొంది" అనేవారు. మేము నవ్వితే ఎందుకో తెలియక ఆయనా నవ్వేవారు.

ఇంక మా అత్త సంగతి. మా నాయన చెల్లెలు. మామ పోయాక కళ్యాణదుర్గం దారిలో ఉన్న చేనును ఒక్కతే చేసుకుంటోంది. రెండు బోర్లు వేయిస్తే రెండింట్లోనూ దుమ్మే లేచింది. మూడోది కూడా పోతే చేను కౌలుకిచ్చి, బెంగళూరులో ఇటుకలు మోయడానికి పోవాల్సిందే. ఆ మూడో బోరు వేయించే ముందు నన్ను చూడ్డానికి ఒక ఆదివారం కేంద్రానికి వచ్చింది. గుట్ట మీద తెల్లటి బుద్ధుణ్ణి చాలాసేపు చూసింది. ఇంటికి పోయి పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి, నీళ్ళు పడితే మొదటి కాపులో ఒక మూట బుడ్డలు నీకే అని మొక్కుకుందట.

నీళ్ళు పడ్డాయి. మావైపు వేరుశనగను బుడ్డలంటాం. ఆ కాపు ఇంటికి రాగానే అత్త మూట ఆటోలో వేయించుకుని, పసుపు గుడ్డ కొంగున ముడేసుకుని వచ్చింది. ముఖమంతా వెలుగు. భంతే ఎదురొస్తే ఇంత ఎత్తున చేతులెత్తి దండం పెట్టింది.

"ముడుపు తెచ్చినా సామీ."

భంతే రెండడుగులు వెనక్కి వేశారు. ఆయన ముఖంలో నిజమైన భయం చూశాను. "ముడుపులా? అమ్మా, మేము ముడుపులు తీసుకోం. అది నేరం."

నాకు విషయం తెలిసేసరికి నవ్వు ఆగలేదు. పేపర్లలో ముడుపులంటే లంచాలే కదా. కాంట్రాక్టరు ఇచ్చాడు, అధికారి తిన్నాడు అని రోజూ రాసేది ఆ మాటతోనే. ఆయనకు తెలిసిన ముడుపు అదొక్కటే. ఆ ముడుపు వేరు భంతే, ఇది దేవుడికి మొక్కుకుని కట్టేది అని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, వినయంగానే అడిగారు: "ముందు మాట అనుకుని, పని జరిగాక ఇవ్వడం. అందులో తేడా ఎక్కడ ఉంది?"

అత్తకు చర్రున లేచింది. "ఏమప్పా, నేను లంచమిస్తాండానా? నీళ్ళిచ్చినాడు, బుడ్డలు తెచ్చినా. అంతే కదా?"

"నీళ్ళు బుద్ధుడు ఇవ్వలేదమ్మా. భూమిలో ఉన్నాయి, వచ్చాయి. మేము ఇవ్వనిదానికి ప్రతిఫలం ఎలా స్వీకరిస్తాం?"

"మొక్కు తీరకపోతే నీళ్ళు నిలుస్తాయా? అవి పోతే నువ్వొచ్చి తోడిస్తావా సామీ?"

ఆయన మజ్జిగ తాగి పొమ్మన్నారు. అత్త తాగలేదు. మూటను మళ్ళీ ఆటోలో వేయించుకుంటూ నా వైపు తిరిగి, "మంచి సామిని పట్టినావు కోడలా, ఇచ్చేది గూడా చేతకాకుండా చేసినాడు" అంది.

ఆ రోజు భంతేతో పోట్లాడాను. ఒక్క మూట తీసుకుంటే మీ బుద్ధుడికి ఏం తక్కువయ్యేది, ఆమె నిద్రపోయేది కదా అన్నాను. ఆయన "నాకూ బాధగానే ఉంది" అన్నారు. కోపంగా ఉన్న మనిషికి అంతకంటే పనికిరాని మాట ఉండదు. కానీ ఆయన కళ్ళు చూశాను, అబద్ధం కాదు.

మొక్కుకున్న వస్తువును తినకూడదు, అమ్మకూడదు, విత్తకూడదు. మూట అత్త ఇంట్లో ఒక మూలన అట్లాగే ఉండిపోయింది. నేను ఫోన్ చేసినప్పుడల్లా ముందు నీళ్ళ సంగతే అడిగేదాన్ని. పడతాండాయి అనేది. కొన్నాళ్ళకు సన్నగా పడతాండాయి అంది. ఎండలు ముదిరాక, మోటరు వేస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదని చెప్పి ఫోన్ పెట్టేసింది. చుట్టుపక్కల బోర్లన్నీ అప్పటికే ఎండిపోయాయి. అది నాకు తెలుసు. అయినా నాలోనూ ఒక మూల, ఆ మూట తీసుకుని ఉంటేనో అనిపించింది. చదువుకున్నదాన్ని, నాకే అనిపిస్తే ఆమెకు అనిపించదా?

తర్వాత ఒక ఆదివారం పొద్దున అత్త గేటులోంచి లోపలికి వచ్చింది. చంకన చిన్న సంచి ఉంది. భంతేను తిట్టడానికే వచ్చిందనుకుని పరుగున ఎదురుపోయాను. ఆమె నన్ను పక్కకు తోసి నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడింది.

"నీళ్ళు పోయినాయి సామీ."

భంతే తల వంచుకున్నారు.

"నీళ్ళే పోయినాక ఇంగ మొక్కు యాడిది? మూటలో బుడ్డలు విత్తనానికి పెట్టుకున్యా. వాన పడితే విత్తుకుంటా, ల్యాకుంటే బెంగళూరు యాడికీ పోదు. ఇంత ఏంచుకోని తెచ్చినా." సంచి విప్పింది. వేయించిన బుడ్డల వాసన గుప్పుమంది. "ఆపొద్దు నువ్వు ముడుపు తీసుకునింటే, ఈపొద్దు వచ్చి నా నీళ్ళు యాడ అని నిన్ను అడిగేదాన్ని. నువ్వు తీసుకోల్యా. నిన్ను ఏమని అడిగేది?"

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. భంతే మాత్రం పద్ధతి తప్పే మనిషి కాదు. గొంతు సవరించుకుని ఆ ప్రశ్న వేయనే వేశారు.

"దేనికోసం ఇస్తున్నారమ్మా?"

"ఊరికే."

ఈ మాట పత్రికల్లో ఎప్పుడూ తగిలినట్టు లేదు. ఆయన నా వైపు తిరిగి, "ఊరికే అంటే?" అని అడిగారు. ఉచితంగా అందామా, కారణం లేకుండా అందామా అని నేను వెతుక్కుంటున్నాను. ఏదీ సరిపోలేదు.

అత్తకు ఓపిక అయిపోయింది. "చేయి పట్టు సామీ, చల్లారిపోతాండాయి" అంది.

ఆయన రెండు చేతులూ పట్టారు.