ఆయ్ అన్న పాపానికి

మా కోనసీమ వాళ్ళ మర్యాద గురించి బయటివాళ్ళు తెగ మురిసిపోతుంటారు. వాళ్ళెవరూ మావారితో కాపురం చేయలేదు. ఆయనది అల్లవరం, రొయ్యల చెరువుల గట్ల మీద పెరిగిన మనిషి. ఎవరు ఏం చెప్పినా "ఆయ్" అంటారు. మాది కొత్తపేట వైపు, మేమూ ఆయ్ అంటాం. కానీ మా పుట్టింట్లో ఆయ్ అన్నారంటే ఆ పని అవుతుంది. ఆయన ఆయ్ అంటే మీరు మాట్లాడేది నా చెవిన పడుతోంది అని మాత్రమే. గంగిరెద్దు కూడా తల ఊపుతుంది, దానికి మన కష్టం అర్థమైందని కాదు కదా. ఇది తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

స్కాట్లండ్‌లో చేపల పెంపకం పనిలో ఆయనకు ఉద్యోగం వచ్చినప్పుడు నేను ఒక్కటే షరతు పెట్టాను. నా కుండ నాతో రావాలి.

నేను పూతరేకులు చేస్తాను. పెళ్ళికి ముందు నుంచీ నా సంపాదన అదే. రేకులు తీసే కుండ వంటకుండ లాంటిది కాదు. దాన్ని బోర్లించి, లోపల మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని దాని వీపు మీద పరిచి లాగాలి. పల్చగా, కాగితంలా రేకు లేస్తుంది. కొత్త కుండ మీద లేవదు. అంటుకుంటుంది, చిరుగుతుంది, మనల్ని ఏడిపిస్తుంది. ఏళ్ళ తరబడి మంట తిని, నూనె గుడ్డతో తుడిపించుకుని, వీపు నున్నబడితేగానీ అది మాట వినదు. నా కుండ మా అమ్మ చేతి కింద అలా తయారైంది. తెలియనివాళ్ళు చూస్తే మసి పట్టిన పెంకు. పరాయి దేశమైనా నా రేకులు నేనే అమ్ముకుంటాను, చీర కొనుక్కోవడానికి ఒకరి మొహం చూడను అని నా పంతం.

సామాను ఓడలో వేయించాం. ఒక్కటే చెక్కపెట్టె, మిగిలినవన్నీ అట్టపెట్టెలు. చెక్కపెట్టె కుండ కొలతకి నేనే చెప్పి చేయించాను. ఈలోగా మలికిపురం నుంచి మా వదినగారు, అంటే ఆయన అక్కగారు, రెండు ఇత్తడి గుండిగలతో ఆటో దిగారు.

"పరాయి దేశం వెళ్తా ఇంటి గౌరవం చూసుకోవద్దేంట్రా? ఆ మసికుండకి చెక్కపెట్టె ఎందుకంట? ఇయ్యి పెట్టించు."

"ఆయ్" అన్నారు ఆయన.

"అందులో నా కుండ పెట్టిస్తానన్నారు కదండీ?" అన్నాను.

"ఆయ్" అన్నారు నాతో కూడా.

గుండిగలు ఒకదాంట్లో ఒకటి ఇమిడి చెక్కపెట్టెలో కూర్చున్నాయి. పెళ్ళివాళ్ళకి వండే గుండిగలవి, ఇంట్లో ఉన్నది మేమిద్దరం. కుండ అట్టపెట్టె పాలైంది. పోనీ, బుడగల షీటు బాగా చుట్టమని సామాను కట్టే మనిషికి చెప్పాను.

"షీటు దండగండీ. మన కొబ్బరి పీచుని మించిందుందాండీ? ఏనుగు తొక్కినా కుండకేం కాదండీ" అన్నాడతను, నన్ను కాకుండా మావారిని చూస్తూ. మావారు ఏమన్నారో వేరే చెప్పక్కర్లేదు. కోనసీమలో పుట్టినవాడికి లోకంలోని ప్రతి సమస్యకీ పీచే పరిష్కారం. తాడు పేనాలన్నా పీచే, అంట్లు తోమాలన్నా పీచే. చెమ్మ తాగితే పీచు ఏమవుతుందో వానాకాలంలో ప్రతి పెరట్లోనూ చూస్తూనే ఉంటారు. అయినా ఎవరికీ గుర్తు రాలేదు.

సామాను కంటే ముందే మేం చేరాం. ఆ ఊరు నాకు చూడగానే నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అక్కడ వాన పైనుంచి పడదు, పక్కనుంచి వచ్చి చెంప మీద కొడుతుంది. ఇంట్లో తివాచీ తడిసిన కుక్కలా కంపు కొట్టేది. ఆ ఇల్లు నేను ఒప్పుకున్నది పెరడు కోసం. పెరట్లో మంట పెట్టుకోవడానికి ఇల్లు అద్దెకిచ్చినావిడ దగ్గర మాట తీసుకున్నది కూడా నేనే, వచ్చీరాని ఇంగ్లీషుతో.

మావారు మాత్రం కొత్త పెళ్ళికొడుకులా తిరిగారు. కారణం, అక్కడివాళ్ళు అవుననడానికి "ఆయ్" అంటారు.

"చూసేవా, ఇక్కడా మన మాటే! వీళ్ళు మనవాళ్ళేనే" అని అల్లవరం ఫోన్ చేసి మరీ చెప్పుకున్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకు సామెత కూడా వినిపించారు. నా ఒళ్ళు మండింది.

సామాను లారీ వచ్చింది. గుండిగల పెట్టె దిగింది. అట్టపెట్టెలన్నీ దిగాయి. నా కుండ ఉన్నది దిగలేదు. లారీ మనిషిని అడిగితే ఫోనులో చూసి, ఆ పెట్టె తడిసి బూజు పట్టిందనీ, గోడౌను వాళ్ళు ఫోన్ చేసి అడిగితే మావారే పారేయమన్నారనీ చెప్పాడు.

నేను ఆయన వైపు తిరిగాను.

"నేనెందుకు పారేయమంటానే? ఫోనైతే వచ్చింది. ఎవరో ఆవిడ గబగబా ఏదో చెప్పుకుపోతోంది. సగం అర్థం కాలేదు. వింటున్నానని తెలియాలి కదా, మధ్యలో ఆయ్, ఆయ్ అన్నాను. అంతే."

బూజు పీచు, మసి పెంకు, చెత్తలో వేసేయమంటారా అని ఆవిడ అడిగి ఉంటుంది. ఆయ్. నిజంగానేనా అని మళ్ళీ అడిగి ఉంటుంది. ఆయ్. ఇన్నేళ్ళుగా నేను నమ్మి మోసపోయిన ఆ మాటని ఎక్కడో గోడౌనులో కూర్చున్న ఒకావిడ కూడా నమ్మింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ తన పని తాను చేసింది.

నేనే గోడౌనుకి ఫోన్ చేశాను. చెత్త బండి వెళ్ళిపోయిందన్నారు. గుండిగ మూత తీసి నేలకేసి కొట్టాను. తివాచీ మీద పడి చప్పుడు కూడా రాలేదు. అప్పుడు ఏడ్చాను.

ఆయన ఎక్కడెక్కడో వెతికి మొక్కలమ్మే కొట్లోంచి పెద్ద మట్టికుండీ తెచ్చారు, అడుగున కన్నంతో సహా. బోర్లించి మంట పెట్టాను. గుడ్డ లాగాను. పిండి మచ్చలు మచ్చలుగా అంటుకుని మాడింది. ఒక్క రేకూ లేవలేదు.

"గుండిగలు జాగ్రత్తగా చేరేయామ్మా?" అని వదినగారు ఫోన్ చేశారు.

"చేరేయండి. పెరట్లో పెట్టేను. వాన నీళ్ళు బాగా పడుతున్నాయండి" అన్నాను.

ఆ పూట అన్నం దగ్గర ఆయన కంచంలోంచి తల ఎత్తకుండా అడిగారు.

"తప్పైపోయిందే. ఇంక మర్చిపోతావు కదా?"

"ఆయ్" అన్నాను.

ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయారు. అది కొత్తపేట ఆయ్ కాదని, అల్లవరం ఆయ్ అని ఆయనకి అర్థమైంది.