గాలి తెరిపి ఇచ్చిన వేళ

గుడివాడలో నా ఆఫీసు ఒక ధాన్యం గోడౌను మీద మేడలో ఉంటుంది. నిన్నటి జల్లుకి కింద తలుపు పక్కన పెట్టిన బస్తాలు తడిసినట్టున్నాయి. పొద్దున్న మెట్లెక్కుతుంటే ఆ వాసన ముక్కుకి తగిలింది. తడిసిన గోనె, అందులో నానిన వడ్లు, కాస్త పులుపు. ఎవరికైనా అది మామూలు వాసనే. నేను మాత్రం గోడ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. సముద్రంలో వాయుగుండం ఉందని, మచిలీపట్నానికి దగ్గర్లోనే తీరం దాటుతుందని టీవీలో రెండు రోజులుగా చెబుతున్నారు. ఇలాంటి పూట సువర్చల గారు గుర్తుకు రాకుండా ఉండరు.

ఆవిడ మచిలీపట్నంలో ఇళ్ళకి ఇన్సూరెన్సు రాసే ఏజెంటు. గుడ్లవల్లేరులో చదువు ముగించుకుని ఏ ఉద్యోగమూ దొరక్క తిరుగుతున్న నన్ను సహాయానికి పెట్టుకున్నారు. మేడమ్ అని పిలిస్తే పలికేవారు కాదు. చివరికి పిన్నిగారూ అన్న పిలుపు దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. పొట్టి మనిషి, భుజాన పెడన అద్దకం గుడ్డసంచి, ఎండయినా వానయినా చేతిలో గొడుగు. ఊళ్ళో పెద్ద పెద్ద వాళ్ళని మొహమాటం లేకుండా కడిగేసే ఆ మనిషికి గాలంటే మాత్రం ప్రాణం మీద భయం. కిటికీ రెక్క కాస్త గట్టిగా కొట్టుకుంటే చాలు, చేస్తున్న పని ఆపి, గుమ్మం బయట విడిచిన చెప్పులు తెచ్చుకుని తొడుక్కుని మళ్ళీ కుర్చీలో కూర్చునేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. గాలికీ చెప్పులకీ ఏం సంబంధమని ఒకసారి అడిగాను కూడా. ఏదో ఫైలు తెమ్మని నన్ను పంపేశారు.

ఇల్లు చూడ్డానికి వెళితే ఆవిడ ముందు గుమ్మంలోంచి లోపలికి వెళ్ళేవారు కాదు. పెరటివైపు నుంచి చుట్టి వచ్చేవారు. గోడ మీద పాత నీటి మరక ఎంత ఎత్తున ఉందో గొడుగు ఆనించి చూసేవారు. ఆ మరక మీద సున్నం వేసి దాచిన ఇళ్ళవాళ్ళని ఇంకాస్త ఎక్కువ ప్రశ్నలు అడిగేవారు. జనం చేసే మొదటి పొరపాటు ఎప్పుడూ ఒకటే. స్థలంతో కలిపి ఇల్లు ఎంతకి అమ్ముడుపోతుందో అంతకి పాలసీ రాయమంటారు. నేల ఎక్కడికీ పోదండీ, గోడలూ కప్పూ మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అది చెప్పండి అనేవారు. పోనీ ప్రీమియం తగ్గుతుందని ఆ ఖర్చుని సగానికి తగ్గించి రాయమంటే, రేపు నష్టపరిహారం కూడా అలాగే కోసి ఇస్తారని ముందే బెదిరించేవారు. బ్యాంకు లోను కోసం వచ్చేవాళ్ళు నిప్పుకి మాత్రం రాసి, తుఫానూ వరదా తీసేయమనేవారు. ఆ మాట వినగానే ఆవిడ సంచి భుజాన వేసుకుని లేచిపోయేవారు. సముద్రం పక్కన ఉంటూ నిప్పుకి మాత్రమే భయపడే వాళ్ళతో నాకు పని లేదనేవారు. బేరం పోయిందే అని నేను వెనకాల ఉసూరుమంటూ నడిచేదాన్ని.

దివిసీమలో, కాలవ గట్టు పక్కన ఒక వీధి. అక్కడ పెద్ద డాబా ఇల్లు వీరరాఘవయ్యగారిది ఒక్కటే. మిగతావి రేకుల ఇళ్ళు, మట్టి గోడల ఇళ్ళు. వీధంతా ఆయన్ని బాబాయి అనేవాళ్ళు, మేమూ అలాగే పిలిచాం. పాలసీ రాయడానికి కూర్చున్నప్పుడు ఇంట్లో సామాను ఎవరిదని సువర్చల గారు అడిగితే, మాది కాక ఎవరిదని ఆయన నవ్వారు. మరి తుఫాను రోజున అని అడిగారావిడ. ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ వీధి పద్ధతి ఏమిటంటే, తుఫాను కబురు రాగానే అందరి బస్తాలూ, టీవీలూ, పెళ్ళి బట్టల పెట్టెలూ ఆ డాబాలోకి చేరిపోతాయి. ఎవరూ అడగరు, ఎవరూ లెక్క చెప్పరు. ఇంటి పాలసీలో ఇంటివాళ్ళ సామానే లెక్కలోకి వస్తుందని, పొరుగువాళ్ళ సామాను దాచేట్టయితే ఆ సంగతి విడిగా చెప్పి, కంపెనీని ఒప్పించి రాయించుకోవాలని, దానికి కాస్త ఎక్కువ కట్టాల్సి వస్తుందని ఆవిడ ఓపిగ్గా చెప్పారు.

బాబాయికి కోపం వచ్చింది. "డబ్బులకి కాదమ్మా. పొరుగోళ్ళ మూట నా గుమ్మంలోకొస్తుంటే ఇందులో ఏముందని అడిగి రాసుకోమంటావా? రేపు వాళ్ళు నా మొహం చూస్తారా?" అన్నారు. ఎంత చెప్పినా వినలేదు. ఇంటికీ, తన సామానుకీ మాత్రం రాయించుకున్నారు.

ఆ పాలసీ మొదటి ఏడాది నిండకుండానే, కోతల కాలంలో, తుఫాను కబురు వచ్చింది. ఇలాంటప్పుడు ఆవిడ దివిసీమకి వెళ్ళి, పాలసీ ఉన్న ప్రతి ఇంట్లో ప్రతి గదినీ ఫోనుతో ఫొటో తీయించేవారు. తర్వాత ఏది ఎక్కడ ఉండేదో ఎవరికీ గుర్తుండదని ఆవిడ అనుభవం. తుఫాను రాత్రికి అన్నారు, మధ్యాహ్నం బస్సుకి తిరిగి వచ్చేద్దామని బయల్దేరాం. బాబాయి ఇంట్లో అప్పటికే వసారా నుంచి వంటింటి దాకా బస్తాలు. ఎదురింటి రాజ్యం, బట్టలు కుట్టే మనిషి, మా దగ్గరికి వచ్చి తన కుట్టు మిషనుకి పాలసీ రాస్తారా అని అడిగింది. భర్త విజయవాడలో తాపీ పనికి పోతే ఆ మిషను మీదే ఇల్లు నడుస్తోంది. కొత్తగా కొన్న మోటారు మిషను, బల్లకి బిగించి ఉంది, విప్పేవాడు దొరకలేదట. హెచ్చరిక వచ్చాక ఏ కంపెనీ కొత్త పాలసీ ఇవ్వదని సువర్చల గారు చెప్పారు. రాజ్యం తలూపి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి బస్సులు ఆపేశారు. రాత్రికన్నది అప్పుడే ముంచుకొచ్చింది. కొంతమంది ముందే కాలవ అవతల తుఫాను షెల్టరుకి వెళ్ళారు, ఆలస్యమైనవాళ్ళందరం బాబాయి ఇంట్లో చిక్కుకున్నాం. ఆ గాలి గురించి రాయడం నాకు ఇప్పటికీ చేతకాదు. తలుపుకి అడ్డంగా మంచం, మంచానికి అడ్డంగా బస్తాలు, అయినా తలుపు ఊపిరి పీలుస్తున్నట్టు లోపలికీ బయటికీ ఉబ్బింది. రేకులు వీధిలో ఎగిరి ఎవరి గోడకో తగులుతుంటే ఆ చప్పుడుకి ముసలివాళ్ళు దేవుణ్ణి తలుచుకోవడం కూడా మానేశారు. గడప కింద నుంచి నీళ్ళు వచ్చాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. అంత భయం నేను పుట్టి ఎరగను. అందరం బస్తాల మీదికి ఎక్కాం. కింది వరస తడిసి, గది నిండా ఆ పుల్లటి వాసన లేచింది. సువర్చల గారు చెప్పులతోనే కూర్చుని నా మణికట్టు పట్టుకున్నారు. ధైర్యం చెప్పాల్సిన పెద్దావిడే నన్ను పట్టుకుంటే ఇక మేం బతకమనుకున్నాను.

ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. తగ్గడం కాదు, ఆగిపోయింది. బయట పలచటి వెలుతురు, ఎక్కడో గేదె అరుపు. జనం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని హమ్మయ్య అనుకున్నారు. రాజ్యం బస్తాల మీంచి దిగి మంచం పక్కకి లాగుతోంది. మిషను మీద పరదా అయినా కప్పి క్షణంలో వచ్చేస్తానంది. ఎదురిల్లే కదా అని ఎవరూ అడ్డు చెప్పలేదు. సువర్చల గారు మోకాలి లోతు నీళ్ళలోకి దూకి ఆమె జబ్బ పట్టుకున్నారు.

"వెళ్ళకు. ఇది మళ్ళీ వస్తుంది, ఈసారి అటువైపు నుంచి వస్తుంది. మా నాన్న ఇలా గాలి ఆగినప్పుడే పెట్టె తెస్తానని వెళ్ళాడు."

రాజ్యం చెయ్యి విడిపించుకుంది. "మీకేమండీ, మీ వాళ్ళందరికీ పాలసీలున్నాయి. నాకున్నది అదొక్కటే."

సువర్చల గారు ఆమె జబ్బ మళ్ళీ పట్టుకున్నారు. తర్వాత ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే అన్నారు. "నీకూ ఉంది. పొద్దున్న నువ్వు వెళ్ళాక ఆఫీసుకి ఫోన్ చేసి రాయించాను. మిషను పోతే కొత్తది వస్తుంది."

"నిజంగానా అండీ?"

"పాలసీ సంగతిలో నేనెప్పుడైనా అబద్ధం చెప్పానా?"

చెప్పలేదు. ఆ వీధిలో ఎవరిని అడిగినా ఆ మాటే అంటారు. రాజ్యం చెయ్యి మంచం మీంచి జారింది. మళ్ళీ బస్తాలెక్కి కూర్చుంది. పొద్దున్నంతా పిన్నిగారి పక్కనే ఉన్నదాన్ని, ఎవరికీ ఫోన్ చేయలేదని నాకు తెలుసు. అయినా నోరు మూసుకున్నాను. కాసేపటికి అటువైపు నుంచి గాలి వచ్చింది. దాని వెనకాల కాలవ వచ్చింది. ఎదురింటి మట్టి గోడ కూలిన చప్పుడు అందరం విన్నాం. రాజ్యం చెవులు మూసుకుంది.

నీళ్ళు తీశాక చూస్తే ఆ ఇంటి స్థలంలో గడప రాయి మాత్రం మిగిలింది. సువర్చల గారు బురదలో నడుచుకుంటూ వెళ్ళి, అందరూ వింటుండగానే, నీ మిషనుకి పాలసీ లేదు, నిన్న నీకు అబద్ధం చెప్పాను అన్నారు. రాజ్యం మొహం తిప్పుకుంది. నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చిన రోజున ఇంకో గొడవ. తడిసిన బస్తాలన్నీ బాబాయివేనని రాయిస్తే, వచ్చింది అందరం పంచుకోవచ్చని వీధి ఒక మాట మీదికి వచ్చింది. బాబాయి కూడా ఊగిసలాడారు. సువర్చల గారు ఒప్పుకోలేదు. ఆయనవి ఏవో అవే చూపించమన్నారు. అప్పుడు రాజ్యం ముందుకొచ్చింది.

"మొన్న నాకు అబద్ధం చెప్పిన నోరే కదండీ. ఇవాళ మా అందరి కోసం ఇంకోటి చెప్పలేరా?"

పిన్నిగారి మొహం పాలిపోయింది. "లేనమ్మా. అది నిన్ను గుమ్మం దాటకుండా ఆపడానికి చెప్పాను. బస్తాలకి చెప్పలేను. తెలిసిపోతే ఈ బాబాయికి రావాల్సింది కూడా రాదు." ఎవరికీ ఆ జవాబు నచ్చలేదు. మేము బస్సెక్కేదాకా ఒక్కరూ మాతో మాట్లాడలేదు. బస్సులో అడగలేక అడగలేక చెప్పుల సంగతి మళ్ళీ అడిగాను. చిన్నప్పుడు ఉప్పెనలో తుమ్మ ముళ్ళ మీద ఒట్టి కాళ్ళతో పరుగెత్తారట. నాన్న పెట్టె కోసం వెనక్కి వెళితే, ఆయన వెనకాల వెళ్ళబోయి, ముళ్ళు దిగి ఆగిపోయారట. ఆ ముళ్ళే ఆవిణ్ణి బతికించాయి. అయినా చెప్పులు ఉండుంటే నాన్నని అందుకునేదాన్నేమోనని ముసలితనం వచ్చేదాకా అనుకుంటూనే ఉన్నారు. వస్తువు పోతే మళ్ళీ వస్తుందన్న నమ్మకం ఉంటే ఎవరూ వెనక్కి వెళ్ళరని, అందుకే ఈ పనిలోకి వచ్చానని చెప్పారు. ఆవిడ అమ్మేది ఏమిటో నాకు ఆ పూట అర్థమైంది.

బాబాయి పరిహారం ఆయన బస్తాల మేరకు, ఇంటి మేరకు వచ్చింది. మరుసటి ఏడు పాలసీ తిరగరాసేటప్పుడు ఆయనే కబురు పెట్టారు. వెళ్ళేసరికి వసారాలో వీధంతా కూర్చుని ఉంది. ఈసారి అందరి సామానూ చెప్పి రాయిద్దాం, ఎక్కువయ్యేది తలా కాస్త వేసుకుంటారట అన్నారు, సిగ్గుపడుతూ. ఎవరి పెట్టెలో ఏముందో వాళ్ళే లేచి చెప్పారు. రాజ్యం మాత్రం ఆ రోజు రాలేదు.

సువర్చల గారు జబ్బు చేసి పోయారు. ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో కూడా చెప్పులు మంచం కింద కాకుండా పక్క మీదే, కాళ్ళ దగ్గర పెట్టమనేవారు. నర్సులు విసుక్కునేవాళ్ళు. ఆవిడ పోయాక నేను గుడివాడ వచ్చి సొంతంగా మొదలుపెట్టాను. ఒకనాడు రాజ్యం మెట్లెక్కి వచ్చింది. గవర్నమెంటు ఇచ్చిన స్థలంలో పక్కా ఇల్లు వేసుకుందట, ఇంటికీ మిషనుకీ పాలసీ కావాలంది. కూర్చుని నాలుగు వైపులా చూసి, "అబద్ధం చెప్పినావిడ ఏరండీ?" అని అడిగింది. చెప్పాను. చెప్పుల సంగతి కూడా చెప్పాను. చాలాసేపు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇవాళ పొద్దుటి నుంచి తీరం వైపు ఉన్న నా వాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నాను. ఫొటోలు తీయండి, సామాను వదిలేయండి, షెల్టరుకి వెళ్ళండి, గాలి ఆగితే నమ్మకండి. అవే మాటలు, ఆవిడ చెప్పిన వరసలోనే. భయం నాకు ఏమాత్రం తగ్గలేదు. కిటికీ రెక్క కొట్టుకోవడం మొదలైంది. లేచి గుమ్మం బయటి చెప్పులు తెచ్చుకుని తొడుక్కున్నాను. ఆఖరున రాజ్యానికి చేశాను. వెనకాల జనం గోల, పిల్లల ఏడుపు వినిపించాయి. ఎక్కడున్నావని నేను అడిగేలోపే తనే చెప్పింది.

"షెల్టర్లో ఉన్నానండీ. మిషను అక్కడే వదిలేశాను. చెప్పులేసుకునే కూర్చున్నాను."